వ్యూఫైండర్‌లో నలుసు

విశాఖ ఆర్కే బీచ్‌లో పొద్దు పొడిచే వేళ కెమెరాలతో వచ్చినవాళ్లని కాసేపు గమనిస్తే ఒక సంగతి తెలిసిపోతుంది. అల తుంపర లెన్స్ మీద పడితే బ్యాగు జిప్పు తీసి, మడతపెట్టి దాచుకున్న మెత్తటి గుడ్డ బయటికి తీసి, పసిపిల్లల మొహం తుడిచినంత నెమ్మదిగా తుడుస్తారు. అదే కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ మసకబారిందనుకోండి, చొక్కా అంచు చూపుడువేలికి చుట్టి, కంటికి ఆనే గాజు, అంటే ఐపీస్ గుంటలో పెట్టి గిర్రున రెండు తిప్పులు తిప్పుతారు. లెన్స్‌కి దక్కే మర్యాదలో పదో వంతు కూడా దానికి దక్కదు.

దీనికి కారణం లేకపోలేదు. వ్యూఫైండర్‌లో ఎంత దుమ్మున్నా ఫొటోలో పడదు. కానీ ఫొటోగ్రాఫర్ కన్ను రోజంతా ఆ చిన్న గాజు కిటికీకే అతుక్కుని ఉంటుంది. ఫోకస్ కుదిరిందా, పెళ్లికూతురు రెప్ప వాల్చిందా, ఫ్రేము అంచులో ఎవరి చెయ్యైనా అడ్డొచ్చిందా అన్నది అక్కడే తేలాలి. దుమ్ము ఇవాళ కాకపోతే రేపు పోతుంది. తుడిచేటప్పుడు పడ్డ గీత మాత్రం ఆ కెమెరా ఉన్నన్నాళ్లూ ఉంటుంది.

కంట్లో నలుసు పడితే నలపొద్దంటారు. నలుసు చేసే నష్టం కొంచెం, నలపడం చేసే నష్టం ఎక్కువ. వ్యూఫైండర్ల విషయంలోనూ అంతే. వాటిని పాడుచేసేది చాలాసార్లు తుడిచే తీరే. గుడ్డ చేతిలోకి తీసుకునే ముందు నలుసు ఎక్కడుంది, అది ఏమిటి అన్నవి తేల్చుకుంటే సగం ప్రమాదం తప్పినట్టే.

ముందు ఎక్కడుందో చూద్దాం. లోపల అద్దం ఉండే కెమెరాలో, అంటే డీఎస్ఎల్ఆర్‌లో, లెన్స్ గుండా వచ్చిన వెలుగు ఏటవాలుగా ఉన్న అద్దానికి తగిలి పైకి మళ్లుతుంది. పైన ఫోకసింగ్ స్క్రీన్ అనే పల్చటి గరుకు పలక మీద బొమ్మ ఏర్పడుతుంది. ఆ బొమ్మ పెంటాప్రిజంలో సరైన దిక్కుకి తిరిగి, ఐపీస్ గుండా కంటికి చేరుతుంది. చవక మోడళ్లలో గాజు ప్రిజానికి బదులు అద్దాలు అమర్చిన పెంటామిర్రర్ ఉంటుంది. ఈ దారి మొత్తంలో కన్ను స్పష్టంగా చూసేది ఒక్క ఫోకసింగ్ స్క్రీన్‌నే. ఐపీస్ ఉన్నదే ఆ పలకను పెద్దది చేసి చూపడానికి. కాబట్టి నల్లటి చుక్కో, నూలుపోగో కలంతో గీసినంత కొట్టొచ్చినట్టు కనిపిస్తోందంటే అది ఆ స్క్రీన్ మీదో, దానికి ఆనుకునో ఉందన్నమాట. ఐపీస్ బయట అంటిన దుమ్ము అలా కనిపించదు. మరీ అంత దగ్గరగా ఉన్న వస్తువు మీద మన కన్ను ఫోకస్ చేయలేదు. అందుకే అది పొగమంచు పట్టినట్టు, దీపాల చుట్టూ వెలుగు చెదిరినట్టు తోస్తుంది. ఇక అద్దం మీది దుమ్ము దాదాపు కనిపించనే కనిపించదు.

దీన్ని తేల్చుకోవడానికి పనిముట్లేమీ అక్కర్లేదు. కన్ను ఐపీస్ దగ్గరే ఉంచి తలను కొద్దిగా అటూ ఇటూ జరపాలి. చుక్క ఫోకస్ పాయింట్ల గడులను అంటిపెట్టుకుని ఉంటే అది స్క్రీన్ మీదిది. ఆ గడుల మీదుగా జారుతున్నట్టు ఉంటే ఐపీస్ వైపుది. అనుమానం తీరకపోతే ఐపీస్ పక్కనుండే, మన చూపుకి తగ్గట్టు బొమ్మని తేటపరిచే డయాప్టర్ చక్రాన్ని తిప్పి చూడొచ్చు. గడులు మసకబారినప్పుడే చుక్క కూడా మసకబారి, అవి తేటపడినప్పుడే అదీ తేటపడితే రెండూ ఒకే చోట ఉన్నట్టు.

ఫొటోని పట్టే పలక సెన్సర్. దాని మీది దుమ్ము దీనికి సరిగ్గా ఎదురు. అది డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లో కనిపించదు, ఫొటోలో మాత్రం పడుతుంది. లెన్స్ రంధ్రాన్ని (అపెర్చర్) బాగా చిన్నది చేసి, అంటే ఎఫ్/16 గానీ ఎఫ్/22 గానీ పెట్టి, ఫోకస్ తప్పించి, ఖాళీ ఆకాశాన్ని ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే బూడిదరంగు మచ్చలుగా బయటపడుతుంది. ఈ తేడా తెలియకే చాలామంది వ్యూఫైండర్‌లో చుక్క కనిపించగానే మెనూలోకి వెళ్లి సెన్సర్ క్లీనింగ్ నొక్కుతారు, ఒకసారి కాదు, పదిసార్లు. 2003లో ఒలింపస్ ఈ-1తో డీఎస్ఎల్ఆర్‌లలోకి వచ్చిన ఆ ఏర్పాటు సెన్సర్ ముందున్న ఫిల్టర్‌ను వేగంగా అదిలించి దుమ్ము రాలుస్తుంది. వ్యూఫైండర్ ఉన్న మేడ మీదికి దాని ప్రభావం ఎక్కదు.

లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల్లో పరీక్ష ఇంకా తేలిక. అక్కడ ఐపీస్ వెనక ఉండేది చిన్న తెర. చుక్క కనిపించినప్పుడు వ్యూఫైండర్‌లోనే మెనూ తెరిచి చూడాలి. అక్షరాల మీద కూడా అదే చోట చుక్క ఉంటే సెన్సర్‌కి సంబంధం లేదు, లోపం తెర దగ్గరో, ఐపీస్ దగ్గరో ఉంది. ఆ చుక్క ఎర్రగానో పచ్చగానో మెరుస్తుంటే అది దుమ్మే కాదు, తెరలో నిలిచిపోయిన పిక్సెల్.

అసలు మురికి లేకుండానే మురికిగా అనిపించే సందర్భాలు కూడా ఉన్నాయి, వీటిలోనే అనవసరమైన తుడుపు ఎక్కువ జరుగుతుంది. బ్యాగులో పెట్టేటప్పుడు, తీసేటప్పుడు డయాప్టర్ చక్రం రాసుకుని తిరిగిపోతుంది. లోకమంతా మసక. ఐపీస్ ఎంత తుడిచినా తేటపడదు. చక్రం ఒక్క మెట్టు వెనక్కి తిప్పితే చాలు. నికాన్ డీ7000, కెనాన్ 7డీ లాంటి మోడళ్లలో ఫోకసింగ్ స్క్రీన్ దగ్గర పారదర్శకమైన ఎల్‌సీడీ పొర ఉంటుంది. బ్యాటరీ తీసేస్తే వ్యూఫైండర్ చీకటిగా, మబ్బుగా కనిపిస్తుంది. సెకండ్ హ్యాండ్ కెమెరా కొనేటప్పుడు బ్యాటరీ లేకుండా చూసి, లోపల మురికి పట్టిందని బేరం వదులుకున్నవాళ్లున్నారు.

మూడోది విశాఖలో నిత్యం జరిగేది. రుషికొండ రిసార్టులో ఏసీ గదిలో రాత్రంతా ఉన్న కెమెరాని పొద్దున్నే బాల్కనీలోకి తెస్తే లెన్సూ ఐపీసూ కూడా ఒక్కసారిగా తెల్లబడతాయి. సముద్రపు గాలిలోని తేమ చల్లటి గాజు మీద సన్నటి నీటి బిందువులుగా పట్టింది. తుడిస్తే ఒక నిమిషం పోతుంది, మళ్లీ వస్తుంది, మళ్లీ తుడుస్తారు. ఆ తేమతో పాటు గాజు మీదున్న దుమ్మంతా గుడ్డ కింద నలుగుతుంది. కెమెరాని బ్యాగులోంచి తీయకుండానే బయటికి తెచ్చి, అరగంట అలాగే ఉంచితే ఈ బాధ ఉండదు. కారులో ఏసీ వేసుకుని భీమిలి దాకా వెళ్లేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది.

ఇప్పుడు రెండో ప్రశ్న: ఆ మురికి ఏమిటి? పుస్తకాల్లో రాసే సాధారణ సలహాలు ఈ ఊళ్లో సరిగ్గా సరిపోకపోవడానికి కారణం ఇక్కడి మురికే. అది ఒక రకం కాదు.

ఇసుకతో మొదలుపెడదాం. సముద్రపు ఇసుకలో ఎక్కువగా ఉండేది క్వార్ట్జ్. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేల్ మీద దాని విలువ 7. మామూలు గాజుది సుమారు 5.5. విశాఖ నుంచి భీమిలి దాకా తీరంలో అల వెనక్కి వెళ్లాక ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి కదా, అవి ఇల్మనైట్ లాంటి బరువైన ఖనిజాలు. ఈ ఇసుకలో గార్నెట్ కూడా ఉంటుంది. గార్నెట్ అంటే ఉప్పుకాగితం తయారీలో వాడే ఖనిజం. ఐపీస్‌లు చాలా మోడళ్లలో ప్లాస్టిక్‌వే, అంటే గాజు కంటే మెత్తనివి. ఒక్క రేణువు ఐపీస్ మూలన ఉండగా చొక్కా అంచుతో తిప్పితే, ఉప్పుకాగితంతో రుద్దినట్టే. ఆ గీతలు పగటి వెలుగులో తెలియవు. సాయంత్రం బీచ్ రోడ్డు దీపాల ముందు కెమెరా ఎత్తినప్పుడు ఒక్కో దీపం చుట్టూ సాలెగూడు లాంటి వలయం కనిపిస్తుంది. అప్పుడు తెలుస్తుంది.

ఎర్రమట్టి దిబ్బల దుమ్ము ఇంకో తరహా. ప్రీవెడ్డింగ్ షూట్లకి అందరూ వెళ్లే ఆ దిబ్బల్లో ఇసుకకి ఇనుప ఆక్సైడ్ పొర పట్టి ఉంటుంది, ఆ ఎరుపు దానిదే. సన్నటి పొడి ఐపీస్ చుట్టూ ఉండే రబ్బరు ఐకప్ మడతల్లో చేరిందంటే ఇంటికొచ్చాక కూడా రాలుతూనే ఉంటుంది. ఓల్డ్ టౌన్ వైపు వెళ్తే నల్లటి పొడి. 1933 నుంచి నడుస్తున్న పోర్టులో బొగ్గు, ఇనుప ఖనిజం దిగుమతి ఎగుమతులు జరుగుతాయి. డాబాల మీద, ఆరేసిన బట్టల మీద నల్లటి పొడి పేరుకుంటోందన్నది ఆ వీధులవాళ్లు ఏళ్లుగా చెబుతున్న మాట. బట్టల మీద పడేది కెమెరా మీద పడకుండా ఉండదు. బొగ్గు పొడి క్వార్ట్జ్ అంత గట్టిది కాదు, కానీ చెమటతో కలిసిందంటే మసిలాగా పూసుకుపోతుంది.

వీటన్నిటి మీదా ఉప్పు. అల తుంపర ఆరిపోయాక మిగిలే ఉప్పు సన్నటి పలుకులుగా గడ్డకట్టి గాజుకి అతుక్కుంటుంది. దాని మీద కనుబొమ్మల చెమట, మొహం జిడ్డు, సన్‌స్క్రీన్. పెళ్లి ఫొటోగ్రాఫర్లకైతే హోమం నెయ్యి పొగ, తలంబ్రాల పసుపు అదనం. ఇక్కడే ఒక చిన్న రసాయన శాస్త్రం పనికొస్తుంది. ఉప్పు నీళ్లలో కరుగుతుంది, ఆల్కహాల్‌లో కరగదన్నంత తక్కువగా కరుగుతుంది. జిడ్డు సరిగ్గా తిరగేసి: నీళ్లకి లొంగదు, ఆల్కహాల్ ఉన్న లెన్స్ క్లీనర్‌కి లొంగుతుంది. పసుపు రంగు కూడా నీళ్లతో పోదు. లెన్స్ క్లీనర్ ఒక్కదానితోనే తుడిస్తే జిడ్డు పోయి, ఉప్పు పలుకులు మాత్రం గుడ్డ కింద గాజు మీద దొర్లుతాయి. నీళ్లతో మాత్రమే తుడిస్తే ఉప్పు పోయి, జిడ్డు అటునుంచి ఇటు పూసుకుంటుంది. ఎంత తుడిచినా పోవట్లేదని గట్టిగా రుద్దేది ఈ రెండో ఘట్టంలోనే. వరస తెలిస్తే రుద్దే అవసరమే రాదు.

ఆ వరస ఇలా ఉండాలి. కెమెరా ఆఫ్ చేసి, బ్యాటరీ తీసి, రబ్బరు ఐకప్ ఊడదీయాలి. చాలా మోడళ్లలో అది పైకి జరిపితే వచ్చేస్తుంది, కొన్నిట్లో స్క్రూలా తిప్పాలి. ఐకప్ కింద అంచు చుట్టూ చేరిన ఇసుకని చూస్తే, దాన్ని తీయకుండా తుడవడం ఎంత పొరపాటో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఐపీస్ నేల వైపు ఉండేలా కెమెరాని తిప్పి పట్టుకుని, చేత్తో నొక్కే రబ్బరు బ్లోయర్‌తో పది పదిహేను సార్లు గాలి కొట్టాలి. దుమ్ము కిందికి రాలిపోవాలి కాబట్టే ఆ తిప్పడం. తర్వాత కెమెరాకి మాత్రమే కేటాయించిన మెత్తటి బ్రష్షుతో అంచుల వెంట తేలిగ్గా దులిపి, మరోసారి గాలి.

నోటితో ఊదొద్దు. ఎంత జాగ్రత్తగా ఊదినా ఉమ్మి తుంపర పడుతుంది, అది ఆరితే ఇంకో మచ్చ. కంప్యూటర్ సర్వీసింగ్ షాపుల్లో వాడే కరెంటు బ్లోయరు, టైర్లకి గాలి కొట్టే కంప్రెసరు దగ్గరికి కెమెరా వెళ్లకూడదు. ఆ వేగానికి దుమ్ము బయటికి పోదు, సందుల్లోంచి లోపలికి దూరుతుంది. కంప్రెసర్ గాలిలో నీటి తేమా, నూనె తుంపరా కూడా ఉంటాయి. డబ్బాల్లో వచ్చే కంప్రెస్డ్ ఎయిర్‌తోనూ ఇబ్బందే. డబ్బా వంగితే చల్లటి ద్రవం చిమ్మి గాజు మీద తెల్లటి మరక వదులుతుంది.

గాలి పని అయ్యాకే తడి. డిస్టిల్డ్ వాటర్ కోసం వెతుక్కోనక్కర్లేదు, ఇంజెక్షన్లలో కలిపే స్టెరైల్ వాటర్ చిన్న సీసా మందుల షాపులో దొరుకుతుంది. సెలైన్ మాత్రం తేవొద్దు, అది ఉప్పు నీళ్లే. లెన్స్ పేపర్ ముక్కని ఇయర్‌బడ్ కొనకి చుట్టి, దాని మీద ఒక్క చుక్క వేయాలి. చుక్క ఎప్పుడూ కాగితం మీదే, ఐపీస్ మీద కాదు. గాజు మీద నేరుగా వేస్తే ద్రవం అంచు సందులోకి పాకి, ఐపీస్ లోపలి వైపు చేరి, అక్కడ ఆరి ఒక వలయం మిగులుతుంది. దాన్ని తీయాలంటే కెమెరా విప్పాలి. తడి కాగితాన్ని గాజు మీద కాసేపు ఆనించి ఉంచితే ఉప్పు దానంతటదే కరుగుతుంది. అప్పుడు మధ్యలోంచి అంచుల వైపు సున్నాలు చుట్టినట్టు, బరువు వేయకుండా ఒక్కసారి తుడిచి, ఆ కాగితం పారేయాలి. కొత్త కాగితం, మళ్లీ ఒక్కసారి. తర్వాత ఇంకో కాగితం మీద లెన్స్ క్లీనర్ ఒక చుక్క వేసి జిడ్డు తీయాలి. చివరికి పొడి మైక్రోఫైబర్ గుడ్డతో అద్దితే సరి.

హ్యాండ్ శానిటైజర్‌లో ఆల్కహాల్ ఉంది కదా అని వాడేస్తారు. అందులో చేతులకి మెత్తదనం కోసం గ్లిజరిన్ కలుపుతారు, అది ఐపీస్ మీద కొత్త జిడ్డు. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ఉండే అసిటోన్ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. కిటికీ అద్దాలు తుడిచే ద్రవాల్లో అమ్మోనియా ఉంటే కోటింగ్ దెబ్బతింటుంది. గాఢమైన ఆల్కహాల్ తరచూ తగిలితే యాక్రిలిక్ ప్లాస్టిక్‌లో సన్నటి పగుళ్లు రావచ్చు. అందుకే క్లీనర్ కూడా అవసరమైనప్పుడే, ఒక్క చుక్కే. ఐకప్‌ని మాత్రం సబ్బు నీళ్లతో కడిగి నీడన ఆరబెట్టుకోవచ్చు.

ఇంతవరకూ చెప్పింది ఐపీస్ బయటి వైపు సంగతి. ఫోకసింగ్ స్క్రీన్ మీది చుక్క దగ్గరికొస్తే సలహా మారుతుంది. సాధ్యమైతే వదిలేయడమే మంచిది. ఈ మాట ఎవరికీ నచ్చదు. కన్ను పెట్టిన ప్రతిసారీ ఆ చుక్క కనిపిస్తుంటే లెన్స్ ఊడదీసి, పైకి చూసి, ఒక్కసారి బడ్‌తో తాకితే పోదా అనిపిస్తుంది. పోదు. ఆ పలక మెత్తటి ప్లాస్టిక్, దాని మీద కంటికి కనిపించనంత సన్నటి గరుకుదనం తీర్చి ఉంటుంది. గుడ్డ తగిలితే ఆ గరుకు నలిగి మెరుపు మచ్చ పడుతుంది, ద్రవం తగిలితే మరక మిగులుతుంది. అద్దం కూడా ఇంట్లో మొహం చూసుకునే అద్దం లాంటిది కాదు. ఇంటి అద్దంలో పూత గాజు వెనక భద్రంగా ఉంటుంది. ఇక్కడ పూత ముందు వైపే, వేలు తగిలేంత బయటే ఉంటుంది. ఆటోఫోకస్ కోసం మధ్యభాగం కొంత వెలుగుని వెనక్కి వదిలేలా చేసి ఉంటారు. ఆ పూత చెదిరితే ఫోకస్‌కే ఇబ్బంది రావచ్చు.

చేయగలిగింది ఒక్కటే. గాలి ఆడని గదిలో, ఫ్యాన్ ఆపి, లెన్స్ తీసి, కెమెరా నోరు నేల వైపు ఉండేలా పట్టుకుని, బ్లోయర్ కొన లోపలికి దూర్చకుండా స్క్రీన్ వైపు మెల్లగా నాలుగైదు సార్లు గాలి కొట్టొచ్చు. షట్టర్ మూసే ఉంటుంది కాబట్టి సెన్సర్‌కి భయం లేదు. చుక్క జరిగితే జరిగింది. జరక్కపోతే అది స్క్రీన్ పై వైపున, ప్రిజానికి మధ్యలో ఉండి ఉంటుంది. కెనాన్ 5డీ మార్క్ 2, 6డీ లాంటి కొన్నిట్లో స్క్రీన్‌ని మార్చుకునే వీలుంది, విడిగా కొనే స్క్రీన్‌తో పాటు వచ్చే ప్రత్యేకమైన పట్టకారుతో తీయొచ్చు. మిగతా మోడళ్లలో విప్పడం సర్వీస్ సెంటర్ పని. ఒక్క చుక్క కోసం విప్పించడం కంటే, వేరే రిపేరుకి ఇచ్చినప్పుడు దాన్నీ చూడమని చెప్పడం తెలివైన పని.

మిర్రర్‌లెస్ వ్యూఫైండర్ల కోసం లెన్స్ తీయాల్సిన పనే లేదు. చాలా మోడళ్లలో లెన్స్ తీస్తే సెన్సరే నేరుగా గాలికి తెరుచుకుంటుంది. వీటిలో ఐపీస్‌తో పాటు దాని పక్కనో కిందో ఉండే చిన్న నల్లటి కిటికీని కూడా తుడవాలి. కన్ను దగ్గరికొచ్చిందా లేదా అని చూసే సెన్సర్ అది. దాని మీద చెమట మరక పడితే వెనక స్క్రీన్ ఆరిపోవడం, వ్యూఫైండర్ వెలగకపోవడం లాంటి చిక్కులొస్తాయి. కెమెరా పాడైందని టెన్షన్ పడే ముందు దాన్నోసారి తుడిచి చూడాలి.

తుడిస్తే పోని మచ్చ మరొకటుంది. ఐపీస్ భూతద్దమే కదా. కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి టీ తాగడానికి వెళ్లినప్పుడు, వెనక నుంచి ఎండ నేరుగా ఐపీస్‌లోకి పడితే ఆ భూతద్దం లోపలి తెర మీద ఎండని ఒక బిందువుగా పోగుచేస్తుంది. తెర కాలి పసుపో గోధుమో రంగు మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది. తూర్పుకి తిరిగిన తీరం ఇది. పొద్దున పూట పడమటి వైపు కైలాసగిరిని ఫొటో తీస్తుంటే ఐపీస్ సరిగ్గా సూర్యుడి కేసి తిరిగి ఉంటుంది. కెమెరా వదిలి వెళ్లేటప్పుడు దాని మీద ఒక టోపీ వేస్తే చాలు.

ఇక లోపలికి చేరే బూజు. గాలిలో తేమ 60 శాతం పైన చాలాకాలం ఉంటే గాజు మీద, ప్రిజం మీద సాలెపోగుల్లాంటి ఫంగస్ పెరుగుతుంది. విశాఖలో ఏడాదిలో చాలా నెలలు గాలి అంతకంటే తేమగానే ఉంటుంది. వ్యూఫైండర్‌లో కొమ్మలు వేసినట్టు పాకిన గీతలు కనిపిస్తే అది దుమ్ము కాదు, బ్లోయర్‌కి పోదు, విప్పి శుభ్రం చేయించాల్సిందే. రాకుండా చూసుకోవడానికి మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటర్ ఉంటే సరిపోతాయి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. ఫోన్ తడిసినప్పుడు చేసినట్టు కెమెరాని బియ్యం డబ్బాలో పెట్టొద్దు, బియ్యానికి అంటిన తవుడు, పిండి ఐకప్ సందుల్లో చేరతాయి. నీలం జెల్ గింజలు గులాబీ రంగుకి తిరిగాయంటే వాటిలో తేమ నిండిపోయినట్టు. వంటకి వాడని గిన్నెలో సన్నటి సెగ మీద వేడిచేస్తే మళ్లీ నీలమవుతాయి, చల్లారాక డబ్బాలో వేసుకోవచ్చు.